కారు టాపు కోసేముందు

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ వేదిక మీద పంచాంగం చదివే శాస్త్రులుగారు మాట్లాడతారు, పద్యాలు చదివే కవిగారు మాట్లాడతారు. సుత్తి పట్టుకునేవాణ్ణి పిలవడం ఇదే మొదలు. కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "మీ పని గురించే చెప్పండి, అందులో మాకు తెలియనిది బోలెడు ఉంటుంది" అన్నారు. ఆయన మాట కాదనలేక వచ్చాను. నా ప్రసంగంలో ఎక్కడైనా సొట్టలుంటే మీరే సరిచేసుకుని వినవలసిందని ప్రార్థన.

నాది కారు రేకుపని. ఇంజను జోలికి పోను. బండి దేనికైనా గుద్దుకుంటే సొట్ట తీయడం, తుప్పు తిన్న రేకు కోసి కొత్త రేకు అతకడం, తలుపు సరిగా పడేటట్టు చూడడం నా వృత్తి. ఈ ఊళ్ళో దీన్ని టింకరింగు అంటారు. మాది నెల్లూరు జిల్లా. 1966లో, పద్నాలుగో ఏట, మా మేనమామ చెయ్యి పట్టుకుని మద్రాసు సెంట్రల్ స్టేషనులో దిగాను. ఆయన అప్పటికే పుదుపేటలో మేస్త్రీ. పుదుపేట సంగతి మీలో చాలామందికి తెలుసు. కూవం ఒడ్డున, ఎగ్మూరుకు దగ్గరలో, పాత కార్లు విప్పి భాగాలుగా అమ్మే పేట అది. ఒక కొట్టులో తలుపులు, ఒక కొట్టులో దీపాలు, మరొక దాంట్లో స్టీరింగులు. సాయంత్రం పోయిన బండి తెల్లవారేసరికి ఏ కొట్లో ఎంత ఉందో బ్రహ్మదేవుడికైనా తెలియదని మామయ్య అనేవాడు.

ఇవాళ మీకు చెప్పబోయేది కారు టాపు సంగతి. ఇదేం విషయమని నవ్వుకోకండి. దీనివల్ల ఒకసారి ఒక పెద్దమనిషికి నేను నష్టం చేశాను. నలభై ఏళ్ళు పైబడినా ఆ బరువు దిగలేదు. ఇంకోసారి అదే పనికి ఒక కుర్రవాడు వచ్చినప్పుడు ఆ మొదటి సంగతే నాకు దారి చూపించింది. రెండూ చెబుతాను.

ముందు కుర్రవాడి సంగతి. రెండేళ్ళ కిందటి మాట. మన సంఘంలో అందరూ ఎరిగిన కుటుంబమే, పేరు చెప్పను. ఉద్యోగం కాలిఫోర్నియాలో. పెళ్ళి కుదిరి వచ్చాడు. వాళ్ళ తాతగారు 1964లో కొన్న స్టాండర్డ్ హెరాల్డ్ కారు త్యాగరాయనగరంలో ఇంటి వెనక పట్టా కప్పుకుని ఉన్నది. తాతగారు పోయి పదేళ్ళయింది. నాయనమ్మగారు దాన్ని అమ్మనివ్వలేదు. ఈ అబ్బాయి నా దగ్గరకు వచ్చి, ఫోనులో అమెరికా కార్ల బొమ్మలు చూపించి, "మేస్త్రీ తాతా, దీని టాపు నాలుగంగుళాలు కోసి ఇలా కిందికి దించాలి. పెళ్ళినాటికి కావాలి. ఎంతవుతుంది?" అని అడిగాడు.

నేను డబ్బు మాట ఎత్తలేదు. "రెండు రోజులు ఆగు నాయనా, చెబుతాను" అన్నాను. ఆ రెండు రోజుల్లో నేను ఆలోచించుకున్నదంతా ఇప్పుడు మీముందు పెడుతున్నాను.

అసలు టాపు కోసి దించడమనే ఈ వేడుక ఎక్కడిది? అది కాలిఫోర్నియాలోనే పుట్టింది. 1930లలో అక్కడి కుర్రకారు పాత ఫోర్డు కార్లు చవగ్గా కొని, ఎండిపోయి బల్లపరుపుగా ఉన్న చెరువు నేలల మీద ఎవరి బండి వేగంగా పోతుందో చూసుకునేవాళ్ళు. 1937లో ఆ పందాలు సక్రమంగా నడపడానికి సంఘం కూడా పెట్టుకున్నారు. వేగం పెరిగినకొద్దీ బండికి పెద్ద శత్రువు గాలి. ముఖం ఎంత ఎత్తుగా ఉంటే గాలి అంత అడ్డుపడుతుంది. కాబట్టి అద్దాల దగ్గర అడ్డంగా కోసి, నాలుగంగుళాల ముక్క తీసేసి, టాపు దించి మళ్ళీ అతికారు. అవసరం కోసం చేసిన పని చూడగా చూడగా అందంగా కనబడింది. యుద్ధం అయిపోయాక వేగంతో నిమిత్తం లేకుండా, అందం కోసమే కోయడం మొదలుపెట్టారు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి.

ఆ అందగాళ్ళలో పేరుమోసినది 1951 నాటి మెర్క్యురీ కారు ఒకటి. బాబ్ హిరోహాటా అనే జపాను సంతతి యువకుడిది. దాన్ని మలిచినవాళ్ళు జార్జి బారిస్, శామ్ బారిస్ అనే గ్రీకు సంతతి అన్నదమ్ములు. మనలాగే పరాయి చోట నిలదొక్కుకున్న ఇళ్ళ పిల్లలు చూడండి! 1952లో ఆ కారు టాపు దించారు. తలుపుల మధ్య నిలబడే స్తంభం కూడా తీసేశారు. రెండు రకాల ఆకుపచ్చ రంగు వేశారు. ఆ కారు 2022లో వేలంలో ఇరవై లక్షల డాలర్ల పైచిలుకుకు పోయింది. కోసిన కారు చెడిపోయిన కారేనని నేను అనడం లేదు. చెయ్యి తిరిగినవాడు, కాలమూ బండీ చూసి కోస్తే, ఆ కోతే ఒక వారసత్వం అవుతుంది. ఈ మాట ముందే ఒప్పుకుంటున్నాను.

అయితే ఆ పని ఎంత కష్టమో వినండి. పెట్టె మూత కోసినట్టు ఉంటుందనుకుంటారు. కాదు. కారు టాపును మోసే స్తంభాలున్నాయి, షెడ్డులో పిల్లర్లు అంటాం. ముందద్దానికి రెండు పక్కలా రెండు, తలుపుల మధ్య రెండు, వెనక రెండు. 1930 నాటి ఫోర్డులో ఇవి ఇంచుమించు నిటారుగా ఉంటాయి. నాలుగంగుళాలు తీసేసినా పై ముక్క కింది ముక్క మీద దాదాపు సరిగా కూర్చుంటుంది. తరువాతి కార్లలో ముందు పిల్లరు వెనక్కి వాలుతుంది, వెనక పిల్లరు ముందుకు వాలుతుంది. కింద వెడల్పు, పైన ఇరుకు. ఇసుకతో కట్టిన గోపురాన్ని మధ్యలో కోసి, ముక్క తీసి, పై భాగం దించి చూడండి. పైది చిన్నది, కిందిది పెద్దది. అంచులు కలవవు. అప్పుడేం చేస్తారు? పిల్లర్లను ఇంకా వాల్చాలి. లేదా టాపునే నిలువునా అడ్డంగా నాలుగు ముక్కలు చేసి, మధ్యలో రేకు పట్టీలు వేసి పెద్దది చేయాలి. నాలుగంగుళాల కోరికకు నలభై అడుగుల అతుకు.

అతుకు అన్నాక మంట. మంట తగిలితే పల్చటి రేకు అప్పడంలా వంకరపోతుంది. అందుకని ఒకే దారిన అతుక్కుంటూ పోకూడదు. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి, చల్లారనిచ్చి, సుత్తితో సర్ది, మళ్ళీ చుక్క పెట్టాలి. ఆ రోజుల్లో అమెరికాలో అతుకుల మీద సీసం కరిగించి పోసి, ఆకురాయితో నునుపు చేసేవాళ్ళు. అందుకే అలాంటి బళ్ళను సీసపు బళ్ళని వేళాకోళంగా పిలిచేవాళ్ళు.

ఇక అద్దాలు. పాతకాలపు చదునైన అద్దం, రెండు పొరల మధ్య పల్చటి పొర పెట్టి అతికినదైతే, రెండు వైపులా గీత గీసి జాగ్రత్తగా కోయవచ్చు. గట్టిపరిచిన అద్దం ఉంటుంది, దానికి అంచున గాటు పడితే చాలు, పంచదార పలుకుల్లా రాలిపోతుంది. దాన్ని కోయడం ఎవరి తరమూ కాదు. వంపు తిరిగిన ముందద్దం మరీ పేచీ. అద్దం కుదిరిందా, తరువాత మనిషి కుదరాలి. టాపు నాలుగంగుళాలు దిగితే సీటు కూడా దిగాలి. లేకపోతే డ్రైవరు మెడ వంచి, సిగ్నలు దీపం కనబడక, పక్కవాణ్ణి అడగాలి. మన ఆడవాళ్ళ జడలో పూలు ఎటు పోతాయో నేను చెప్పనక్కరలేదు!

ఇదంతా అమెరికా ముచ్చట. మన చెన్నపట్నంలో టాపుల కథ వేరు. ఇక్కడ కార్లు వచ్చిన కొత్తలో అసలు టాపు అనేదే సరిగా లేదు. మౌంటు రోడ్డు సింప్సన్ కంపెనీ 1840 నుంచి గుర్రపు బళ్ళు తయారుచేసింది. అక్కడ శామ్యూల్ జాన్ గ్రీన్ అనే దొర 1903లో ఆవిరి కారు ఒకటి కట్టి నడిపించాడు. విక్టోరియా పబ్లిక్ హాలు కట్టిన కాంట్రాక్టరు, మన తాటికొండ నంబెరుమాళ్ళు శెట్టిగారు, ఈ ఊళ్ళో కారు కొన్న తొలి భారతీయుల్లో ఒకరు. ఆ తరం కార్లకు గుడ్డతోనో తోలుతోనో మడిచే గూడు ఉండేది. మూసిన కార్లు వచ్చాక కూడా చాలా ఏళ్ళు టాపు మధ్యభాగం కర్రబద్దల మీద పరిచిన గుడ్డే. ఒకే రేకుతో అచ్చుగుద్దిన ఉక్కు టాపును అమెరికాలో జనరల్ మోటార్స్‌వాళ్ళు తమ 1935 కార్లకు పెట్టి ప్రచారం చేశారు. అప్పటినుంచి టాపంటే ఉక్కు అయింది. మన ఎండకూ వానకూ అదే మంచిదనిపించింది.

మరి ఆ ఉక్కు టాపును ఇక్కడ మనవాళ్ళు ఎందుకు కోశారు? పెళ్ళికోసం. జానవాసం అనే మాట మద్రాసులో ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. పెళ్ళికి ముందు సాయంత్రం పెళ్ళికొడుకును ఓపెన్ కారులో కూర్చోబెట్టి, ముందు నాదస్వరం, పక్కన గ్యాసు దీపాలు, వెనక చుట్టపక్కాలతో ఊరేగిస్తారు. తమిళుల ఇళ్ళల్లో ఆచారమైనా, ఇక్కడ తరతరాలుగా ఉన్న మన ఇళ్ళల్లోనూ ఆ సరదా పట్టుకుంది. వరుడు నలుగురికీ కనబడాలంటే కారుకు టాపు ఉండకూడదు. కంపెనీవాళ్ళు చేసిన ఓపెన్ కార్లు ఊళ్ళో ఎన్నని ఉంటాయి? కాబట్టి పాత పెద్ద అమెరికా కారు ఒకటి చవగ్గా కొని, టాపు కోసేసి, తెల్లరంగు వేసి, పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పేవాళ్ళు. ఒక ముహూర్తాల నెలలో వచ్చిన అద్దెతో మిగతా ఏడాది గడిచేది. మా మామయ్య అలాంటి కార్లు రెండు మూడు కోశాడు. నేను పక్కన ఉండి రంపం అందించాను.

ఆ చూడడమే నా కొంప ముంచింది.

1978లో నేను సొంత షెడ్డు పెట్టుకుని ఏడాదయింది. బాపట్ల ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ ఒక బడిలో తెలుగు పంతులుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత పెట్టి సెకండుహ్యాండు అంబాసిడర్ కొనుక్కున్నారు. కూతురి పెళ్ళి వచ్చింది. అద్దె కారుకు చెప్పిన ధర విని గుండె చెరువైంది. "మన కారే ఉండగా ఎవరి కారో ఎందుకు? నువ్వు టాపు కోసి గుడ్డ గూడు పెట్టు. పెళ్ళయ్యాక మళ్ళీ అతుకుదాం" అన్నారు. మా మామయ్య అప్పటికి ఊళ్ళో లేడు, నెల్లూరు వెళ్ళి ఉన్నాడు. నాకు ఇరవయ్యారేళ్ళు. చూసిన పనే కదా అనుకున్నాను. రెండు రోజుల్లో టాపు దించేశాను.

నాకు తెలియనిది ఒక్కటే. మామయ్య కోసిన అమెరికా కార్లకు కింద నిచ్చెనలాంటి ఉక్కు చట్రం ఉంటుంది. దాన్ని ఛాసీ అంటారు. ఇంజనును, చక్రాలను, మనుషులను మోసేది ఆ చట్రమే. పైన ఉన్న బాడీ దాని మీద పెట్టిన పెట్టె మాత్రమే. టాపు తీసినా చట్రం కదలదు. అంబాసిడర్ అలాంటిది కాదు. దానికి వేరే ఛాసీ లేదు. నేల రేకు, పిల్లర్లు, టాపు అన్నీ ఒకటిగా అతుక్కుని, అన్నీ కలిసి బరువు మోస్తాయి. కోడిగుడ్డు పెంకులాగా. అందులో టాపు తీసేయడమంటే ఇంటి దూలం తీసేయడమే. కోసేముందు లోపల ఇనుప పైపులు అడ్డంగా అతకాలి. తలుపుల కింద గడపలకు లావు ఉక్కు వేసి బలం చేయాలి. నేను ఏదీ చేయలేదు.

ఊరేగింపునాడు పెళ్ళికొడుకూ, తోడు పెళ్ళికొడుకూ, ఇద్దరు పిల్లలూ ఎక్కారు. ఎడమ తలుపు వేశాను. పడలేదు. తోశాను. పడింది. వీధి చివరకు పోయేసరికి బండి నడుము దిగింది. మండపం ముందు ఆగాక తలుపు ఎంత లాగినా రాలేదు. పట్టుపంచె కట్టుకున్న పెళ్ళికొడుకును తలుపు మీదుగా ఇద్దరు ఎత్తి దించారు. అందరూ నవ్వారు. పంతులుగారు కూడా నవ్వారు. నేను దీపాల వెనక నిలబడ్డాను.

పెళ్ళయ్యాక టాపు మళ్ళీ పెట్టబోతే ముప్పాతిక అంగుళం తేడా. జాకీలు పెట్టి ఎత్తి, లాగి, ఎలాగో అతికాను. తలుపులు మూలుగుతూ పడేవి. వానకు ముందు సీటు తడిసేది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత నా చేతుల మీదుగా నిజమైంది. ఆరు నెలలకు ఆయన దాన్ని వచ్చినకాడికి అమ్మేశారు. తరువాత ఒకనాడు పుదుపేటలో నడుస్తుంటే ఒక కొట్టు ముందు నా అతుకున్న తలుపు కనబడింది. ఎవడి అతుకు వాడికి తెలుస్తుంది.

పంతులుగారి కాళ్ళమీద పడ్డాను. డబ్బు కొద్దికొద్దిగా తీరుస్తానన్నాను. ఆయన కోప్పడలేదు. "నీకు తెలియదన్న సంగతి నాకు తెలియలేదు నాయనా, అంతే" అన్నారు. తిట్టినా బాగుండేది. పెళ్ళికూతురి అక్క పిల్లల బారసాలకు కూడా నన్ను పిలిచారు. వెళ్ళాను, పెద్దాయన ఉన్నంతకాలం ఏ ఉగాదికీ ఆయన ఇంటికి పోవడం మానలేదు.

ఇంత అనుభవం వెనక ఉండగా, కుర్రవాడు నాలుగంగుళాలు కోయమంటే నోట మాట ఎలా వస్తుంది? మూడోరోజున అతన్ని కూర్చోబెట్టి మూడు సంగతులు చెప్పాను.

మొదటిది చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉన్నది. కంపెనీ తయారుచేసిన రూపానికి తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదని దాని సారం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. పోతే, 2021లో కేంద్రప్రభుత్వం పాత బళ్ళకు కొత్త నియమాలు చేసింది. యాభై ఏళ్ళు దాటిన బండి అసలు రూపంలో ఉంటే, అనగా ఛాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉంటే, దాన్ని వింటేజి బండిగా రిజిస్టరు చేస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము ఇరవై వేల రూపాయలు, గడువు పదేళ్ళు. అంతకుముందే రిజిస్టరై ఉన్న బండి తన పాత నంబరు ఉంచుకోవచ్చు. రోజూ తిప్పడానికీ, అద్దెకూ పనికిరాదు. ప్రదర్శనలకూ, పాత కార్ల ఊరేగింపులకూ, మరమ్మతులకూ తీసుకుపోవచ్చు. "మీ తాతగారి బండికి యాభై ఏళ్ళు ఎప్పుడో దాటాయి. నువ్వు నాలుగంగుళాలు కోస్తే ఈ గౌరవం పోతుంది, తాతగారి మద్రాసు నంబరు కాగితాల మీద మిగిలినా బండి మాత్రం రోడ్డెక్కలేదు" అన్నాను.

రెండోది, కోసిన నాలుగంగుళాలు తిరిగి రావు. అమెరికాలో హిరోహాటా కోయించింది వీధికో పది ఉన్న మామూలు కారును. అందులో ఒకటి పోతే లోకానికి నష్టం లేదు. మన హెరాల్డులు ఇప్పుడు ఎన్ని మిగిలాయి?

మూడోది చెప్పేముందు ఈ హెరాల్డు పుట్టుక చెప్పాలి. అది ఈ ఊరి బిడ్డ. 1948లో మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ ఆఫ్ ఇండియా అనే కంపెనీ వెలిసింది. వండలూరు దగ్గర పెరుంగళత్తూరులో ఫ్యాక్టరీ. 1961 నుంచి అక్కడ హెరాల్డు తయారైంది. కలకత్తాకు అంబాసిడర్, బొంబాయికి ఫియట్, మనకు హెరాల్డు. 1980ల చివర్లో ఆ కంపెనీ కార్ల తయారీ ఆగిపోయింది. అసలు నమూనా ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డు. రూపం దిద్దినవాడు ఇటలీలోని మైకెలోత్తి అనే శిల్పి. అప్పటికి అక్కడ కొత్త కార్లు చాలావరకు అంబాసిడర్ పద్ధతిలో, ఛాసీ లేకుండా వస్తున్నాయి. కాని ఆ ఇంగ్లండు కంపెనీకి బాడీలు చేసిపెట్టే కార్ఖానాను పోటీ కంపెనీ కొనేసింది. ఒకే పెద్ద బాడీ అచ్చుగుద్దించుకునే దారి లేకపోయింది. అందుకని వాళ్ళు పాతకాలపు పద్ధతికి పోయి, కింద విడిగా ఛాసీ పెట్టి, బాడీని ముక్కలు ముక్కలుగా చేయించి, బోల్టులతో బిగించారు. గతిలేక చేసిన పని గుణమైంది. ముందు మూత మొత్తం దీపాలతో సహా ముందుకు తెరుచుకుంటుంది. టాపు కూడా అంతే. వెనకద్దంతో సహా ఒకే ముక్క. ముందద్దం చట్రం దగ్గరా, వెనకా బోల్టులు విప్పితే పైకి లేస్తుంది!

"నాయనా, మీ తాతగారి కారుకు టాపు కోయనక్కరలేదు. విప్పితే చాలు. విప్పినదాన్ని మళ్ళీ పెట్టవచ్చు" అన్నాను. కుర్రవాడు ఫోను పక్కన పెట్టి నా మొహం చూశాడు. "టాపు దించడం వేరు, తీయడం వేరు కదా తాతా?" అన్నాడు. వేరే. నేను కాదనలేదు. అతను కోరిన రూపం నేను ఇవ్వలేను. ఇవ్వగలిగినది ఇది. ఇంటికి పోయి నాయనమ్మతో మాట్లాడుకుని రమ్మన్నాను.

మర్నాడు నాయనమ్మగారే వచ్చారు. "విప్పుతారట, విరగదు కదా?" అని అడిగారు. "విరిగితే నా పేరు తీసేయండమ్మా" అన్నాను. "మీ పేరు నాకెందుకు, తలుపులు పడాలి" అన్నారు. ఆ మాటకు నాకు 1978 గుర్తుకొచ్చి నీళ్ళు తాగవలసివచ్చింది.

ముందు ఛాసీ చూశాను. కారుకు పట్టా కప్పారు గాని, కింద నేల తేమ. ఛాసీ పక్కచేతులకు తుప్పు పట్టింది. వాటిని బాగుచేయకుండా టాపు ముట్టుకోనన్నాను. మూడు వారాలు దానికే పట్టింది. ఆ తరువాత తలుపుల సందులు నాలుగు మూలలా కొలిచి గోడమీద రాసుకున్నాను. లోపలి గుడ్డ విప్పి, రబ్బర్లు తీసి, ఏళ్ళనాటి తుప్పుతో కదలనని మొండికేసిన బోల్టులకు రెండు రాత్రులు నూనె పోసి నానబెట్టాను. అన్నిటినీ ఒక హార్లిక్సు సీసాలో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి మూత పెట్టాను. నలుగురం నాలుగు మూలలా పట్టుకుని లేపితే టాపు పల్లకీలాగా వచ్చింది. మళ్ళీ సందులు కొలిచాను. గోడమీది లెక్కకూ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు. అయినా నలుగురు కుర్రాళ్ళను ఎక్కించి చూశాను. తలుపు పడింది. తెరిచాను. వచ్చింది. ఇంకోసారి వేశాను. నా షెడ్డులో పిల్లలు "మేస్త్రీగారికి ఏమైంది, తలుపుతో ఆడుకుంటున్నాడు" అనుకుని ఉంటారు.

టాపు లేని బండి వీధిలోకి పోలేదు. ట్రాలీ మీద కల్యాణమండపానికి చేర్చి, ఆ ఆవరణలోనే గేటు నుంచి మెట్లదాకా రెండు చుట్లు తిప్పాం. అబ్బాయి పక్కన ముందు సీటులో నాయనమ్మగారు కూర్చున్నారు. తాతగారు నడిపినప్పుడు ఆవిడ కూర్చున్నది ఆ సీటులోనే. పెళ్ళి మూడోనాడే టాపు ఎక్కించాను. సీసాలో ఒక్క బోల్టు మిగల్లేదు. కుర్రవాడు కాలిఫోర్నియా వెళ్ళేముందు వింటేజి రిజిస్ట్రేషనుకు కాగితాలు పెట్టాడు. వెళ్ళేనాడు, "తాతా, నాకు ఆ నాలుగంగుళాలు ఇంకా మనసులో ఉన్నాయి" అన్నాడు. "ఉండనీ, అక్కడే ఒక పాత మెర్క్యురీ కొనుక్కో, కోయడానికి నేను కూడా వస్తాను" అన్నాను. నిజంగానే వెళ్ళాలని ఉన్నది. చేతకాని పనికాదు అది. ఆ బండికి తగిన పని.

అయ్యా, నేను చదువుకున్నవాణ్ణి కాను. దీన్నుంచి పెద్ద నీతి తీయడం నాకు రాదు. ఒక్క మాట మనవి చేసి ముగిస్తాను. మనం ఊరు విడిచి వచ్చినవాళ్ళం. మన పిల్లలు మనల్ని కూడా విడిచి ఇంకా దూరం పోతున్నారు. మన ఇళ్ళల్లో ఉన్న పాత సామాను, పాత అలవాట్లు, పాత మాటలు చూసి, ఇది కోద్దాం, అది దించుదాం అంటారు. అనడం తప్పు కాదు, ఇల్లన్నాక మార్పు ఉండాలి. కోయవద్దని మొహం మీద చెబితే మనమాట వినరు. చేతికి రంపం ఇచ్చి ఊరుకుంటే పంతులుగారి కారు అవుతుంది. పక్కన కూర్చుని, ఏది బోల్టుతో బిగించినదో, ఏది బరువు మోసే పిల్లరో చూపిద్దాం. చూపించాలంటే ముందు మనకు తెలియాలి. నాకు ఇరవయ్యారో ఏట తెలియలేదు.

కొత్త సంవత్సరం మీ అందరి తలుపులూ సరిగా తెరుచుకుని, సరిగా పడాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను. పిల్లలూ, ఇక లేవండి, వడ్డన మొదలైంది.